రాత్రి పడుకోగానే కాళ్లు గుంజుతున్నాయా? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు ఏ ఇంట్లో అడిగినా ఒక్కరైనా చెప్పే బాధ ఇది. కొందరు గుంజుతున్నాయంటారు, కొందరు పీకుతున్నాయంటారు, లోపల ఏదో పాకినట్టు ఉందంటారు, ఇంకొందరు ఎట్లుందో చెప్పలేక "ఏందో తెల్వదు, కాళ్లు ఒక్క చోట ఉంటలేవు" అని ఊరుకుంటారు. మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాశాను. మీ ఒంటి సంగతి చూసి చెప్పాల్సింది మాత్రం డాక్టరే.

ఇది నిజంగా జబ్బేనా? రోజంతా పొలంలో నిలబడితే ఎవరికైనా కాళ్లు నొయ్యవా?

నొస్తాయి. నాట్లు వేసినా, పత్తి ఏరినా, రోజంతా షాపులో నిలబడినా కాళ్లు నొస్తాయి, కానీ ఆ నొప్పి పడుకుంటే తగ్గుతుంది. ఇది దానికి పూర్తిగా ఉల్టా, పడుకున్నాకే మొదలవుతుంది. లేచి నాలుగడుగులు వేస్తే పోతుంది, మళ్లీ మంచం ఎక్కగానే వస్తుంది. దీన్ని రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారు, డాక్టర్లు ఆర్‌ఎల్‌ఎస్ అని రాస్తారు. 1672లోనే థామస్ విల్లిస్ అనే ఇంగ్లండ్ డాక్టరు దీని గురించి రాశాడు. 1945లో స్వీడన్‌కు చెందిన కార్ల్ ఆక్సెల్ ఎక్‌బోమ్ ఈ పేరు పెట్టి వివరంగా వర్ణించాడు. అంటే మూడు వందల ఏళ్ల పైబడి డాక్టర్లకు తెలిసిన బాధే, మీ ఊహ కాదు, పని ఎగ్గొట్టడానికి చెప్పే సాకూ కాదు. ఈ మాట ముఖ్యంగా అత్తగారింట్లో కొత్త కోడళ్ల కోసం చెప్తున్నా.

నాకున్నది అదేనని ఎట్లా తెలుసుకోవాలి? స్కానింగ్ ఏమైనా ఉందా?

స్కానింగ్ ఏమీ లేదు. మీరు చెప్పే మాటలను బట్టే డాక్టరు తేల్చాలి, అందుకే సరిగ్గా చెప్పడం ముఖ్యం. ఊరికే "కాళ్లు నొస్తున్నయ్ సార్" అంటే ఒక నొప్పి మాత్ర రాసి పంపుతారు. చెప్పాల్సింది ఇది: కాళ్లు కదపాలని ఆపుకోలేనంతగా అనిపిస్తుందా, కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడే వస్తుందా, నడిస్తే లేదా కాళ్లు చాపి గుంజితే ఆ కాసేపైనా తగ్గుతుందా, పగటి కన్నా సాయంత్రం, రాత్రే ఎక్కువా. నాలుగింటికీ అవునంటే, వేరే కారణం ఏదీ కనబడకపోతే, ఇది ఆర్‌ఎల్‌ఎస్సే అయ్యే అవకాశం ఎక్కువ. చాలామందికి తెల్లవారుజామున తగ్గిపోతుంది, సరిగ్గా పాలు పిండడానికో నీళ్లు పట్టడానికో లేవాల్సిన టైముకే మంచి నిద్ర పడుతుంది!

పిక్క పట్టేయడం వేరు. అందులో కండ రాయిలా గట్టిపడి ప్రాణం పోయేంత నొప్పి వస్తుంది, చేత్తో ముట్టుకుంటే ఆ గడ్డ తెలుస్తుంది, కాసేపటికి వదులుతుంది. కాలు మడిచి కూర్చుంటే వచ్చే తిమ్మిరి కూడా వేరే, అది భంగిమ మార్చగానే పోయి మళ్లీ రాదు. నరాలు ఉబ్బి నీలంగా కనబడుతూ, సాయంత్రానికి పాదాలు వాస్తే అది సిరల సమస్య. ఒక్కోసారి ఒకే మనిషికి రెండేసి ఉంటాయి, అప్పుడు తేల్చడం డాక్టరుకూ కష్టమే.

మాది ఫ్లోరైడ్ ఊరు. కాళ్ల బాధ దానివల్లే కదా?

నల్లగొండ జిల్లాలో ఏ కాళ్ల నొప్పి వచ్చినా ముందు ఫ్లోరైడ్ మీదికే పోతుంది మనసు. తప్పేం లేదు, మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు తరాల తరబడి చూసిన బాధ అది. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా అని మన దేశంలో ప్రమాణం, చాలా బోర్లలో అంతకన్నా ఎంతో ఎక్కువ ఉండేది. కానీ ఎముకల ఫ్లోరోసిస్ లక్షణాలు వేరు. నడుము, మెడ, మోకాళ్లు బిగుసుకుపోతాయి, వంగడం, కూర్చోవడం కష్టమవుతుంది, పొద్దున లేచేటప్పుడు కూడా బాధే. రాత్రి లేచి వాకిట్లో తిరిగితే హాయిగా ఉందంటే అది ఫ్లోరోసిస్ తీరు కాదు. పాత బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లకు రెండూ ఉండొచ్చు. అందుకే "మా ఊళ్లో ఇది మామూలే" అని వదిలేయకండి, రెండో దానికి మందు ఉంది.

షుగర్ ఉంది, అరికాళ్లు మంటలు. ఇదీ అదేనా?

మంటలు, సూదులు గుచ్చినట్టు ఉండటం, చెప్పు జారిపోయినా తెలియకపోవడం ఇవన్నీ షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్న గుర్తులు. అది పగలు కూడా ఉంటుంది, నడిస్తే తగ్గదు. షుగర్ ఉన్నవాళ్లు ముందు దాన్ని అదుపులో పెట్టుకొని, పాదాలు రోజూ చూసుకోవాలి.

ఎందుకు వస్తుంది?

కొంత వంశంలో ఉంటుంది. తల్లికో మేనత్తకో ఉంటే మీకు చిన్న వయసులోనే మొదలవ్వొచ్చు. మగవాళ్ల కంటే ఆడవాళ్లకు దాదాపు రెట్టింపు. అసలు తేడా కాళ్లలో కాదు, మెదడులో ఉంటుంది. కదలికలను నడిపే డోపమిన్ అనే రసాయనం తయారీకి ఐరన్ కావాలి, మెదడుకు ఐరన్ సరిగ్గా అందకపోతే ఆ పని గాడి తప్పుతుంది. డోపమిన్ పని సాయంత్రానికి సహజంగానే మందగిస్తుంది కాబట్టి బాధ రాత్రికి ముదురుతుంది. ఐరన్ లోపం, కిడ్నీ జబ్బు, గర్భం, కొన్ని మందులు, ఈ నాలుగూ ముందుగా చూసుకోవాల్సినవి.

నాకు రక్తం 12.5 ఉంది, బాగానే ఉందన్నారు. మరి ఐరన్ తక్కువ ఎట్లా అవుతుంది?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

హిమోగ్లోబిన్ వేరు, ఐరన్ నిల్వ వేరు. ఇంట్లో రోజూ అన్నం వండుతూనే ఉంటారు, గుమ్మిలో వడ్లు అడుగంటిన సంగతి మాత్రం మూత తీసి చూస్తేనే తెలుస్తుంది. ఒళ్లు కూడా అంతే, ఉన్న ఐరన్‌ను ముందు రక్తం తయారీకి వాడేస్తుంది, నిల్వ ఖాళీ అయ్యాకే హిమోగ్లోబిన్ పడిపోతుంది. ఆ నిల్వను చూపించే పరీక్ష పేరు ఫెరిటిన్. దాంతోపాటు ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్, అంటే రక్తంలో ఐరన్‌ను మోసే ప్రొటీన్ ఎంత శాతం నిండి ఉందో చూపే పరీక్ష కూడా చేయిస్తే ఇంకా మంచిది. పొద్దున పరగడుపున రక్తం ఇవ్వాలి, ముందు రోజు ఐరన్ మాత్ర వేసుకోకూడదు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ల్యాబ్ రిపోర్టులో ఫెరిటిన్ నార్మల్ అంటే 10, 15 దగ్గర నుంచే మొదలవుతుంది. మీకు 22 వస్తే పక్కన ఎర్ర గుర్తు ఉండదు, "అంతా నార్మల్" అని పంపేస్తారు. ఆర్‌ఎల్‌ఎస్ ఉన్న పెద్దవాళ్లకు మాత్రం 75 లేదా అంతకన్నా తక్కువ ఉన్నా, శాచురేషన్ 20 శాతం లోపు ఉన్నా ఐరన్ ఇవ్వాలని నిద్ర వైద్య నిపుణులు చెప్తున్నారు. కాబట్టి రిపోర్టులో నార్మల్ అన్న మాట కాదు, అంకె చూడండి, ఆ అంకె డాక్టరుకు చూపించి అడగండి. ఇంకోటి, జ్వరం, ఇన్ఫెక్షన్, కీళ్లవాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. డెంగీ జ్వరంలో చేయించిన రిపోర్టు పట్టుకొని నాకు ఐరన్ బోలెడంత ఉందనుకోవద్దు.

ఐరన్ ఎక్కడ పోతోందో కూడా వెతకాలి. ఆడవాళ్లకు నెలసరిలో ఎక్కువ పోవడం మామూలు కారణం. మగవాళ్లకు తక్కువగా ఉంటే మొలలు, కడుపులో పుండు లాంటివి చూడాలి. చెప్పులు లేకుండా పొలంలో, చెలకలో తిరిగేవాళ్లకు కొంకి పురుగులు పేగుల్లో చేరి రక్తం తాగుతాయి, అల్బెండజోల్ మాత్రతో అవి పోతాయి. తరచుగా రక్తదానం చేసేవాళ్లకు కూడా నిల్వ తగ్గుతుంది.

ఐరన్ మాత్ర ఎట్లా వేసుకోవాలి? ఇదివరకు వాడినా ఏం తేడా రాలేదు.

అన్నం తిన్నాక మాత్ర వేసుకొని వెంటనే చాయ్ తాగి ఉంటారు. మనవైపు చాయ్ లేకుండా పూట గడవదు, కానీ ఆ చాయ్ ఐరన్‌ను ఒంట్లోకి పోనివ్వదు. పాలు, కాల్షియం మాత్ర, గ్యాస్ మాత్ర కూడా అంతే. గ్యాస్ మాత్ర ఏళ్ల తరబడి రోజూ పొద్దున్నే వేసుకునేవాళ్లు చాలామంది, అది నిజంగా అవసరమేనా అని ఒకసారి డాక్టర్ని అడగండి. ఐరన్‌ను పరగడుపునో, తిన్న రెండు గంటలకో నిమ్మకాయ నీళ్లతో వేసుకోవాలి. థైరాయిడ్ మాత్ర వాడితే రెండింటికీ కనీసం నాలుగు గంటల తేడా ఉండాలి. రోజు విడిచి రోజు వేసుకుంటే ఒక్కో మాత్ర నుంచి ఒంటికి పట్టే ఐరన్ పెరుగుతుంది, కడుపు ఇబ్బందీ తక్కువ, మీకు ఏది సరిపోతుందో డాక్టరు చెప్తారు. మలం నల్లగా వస్తే భయపడొద్దు, మాత్ర రంగే అది. మలబద్ధకం మాత్రం నిజమైన ఇబ్బందే, నీళ్లు, ఆకుకూరలు పెంచండి.

వారంలో తగ్గుతుందని చూడకండి. మూడు నెలలు వాడాక మళ్లీ ఫెరిటిన్ చూస్తారు. మాత్ర పడనివాళ్లకు, నిల్వ మరీ తక్కువైనవాళ్లకు ఆసుపత్రిలో సెలైన్ ద్వారా ఐరన్ ఎక్కిస్తారు, దాని ఫలితం కూడా కొన్ని వారాలకు తెలుస్తుంది. పరీక్ష లేకుండా ఎవరికి వాళ్లు నెలల తరబడి ఐరన్ మింగడం మంచిది కాదు, ఒంట్లో ఎక్కువైతే కాలేయం, గుండె దెబ్బతింటాయి. తలసీమియా లాంటి వంశంలో వచ్చే రక్తపు జబ్బులు ఉన్నవాళ్లు అసలే చేయకూడదు.

మాత్రలు లేకుండా తిండితో సరి చేసుకోలేమా?

నిల్వ 15కు పడ్డాక తిండి ఒక్కటే సరిపోదు. మాత్రతో నింపాక నిలబెట్టుకోవడానికి తిండి కావాలి. మేక కార్జం, నల్ల (మేక రక్తం), మాంసం ఇవి బాగా పడతాయి, గర్భిణులు మాత్రం కార్జం జోలికి పోకపోవడమే మంచిది, అందులో విటమిన్ ఏ చాలా ఎక్కువ. శాకాహారులు తోటకూర, పుంటికూర, శనగలు, పెసలు, నువ్వులు తింటూ పైన నిమ్మకాయ పిండుకోండి. బెల్లం ముక్క తింటే రక్తం పడుతుందనేది ఎక్కువ చేసి చెప్పిన మాట, షుగర్ ఉన్నవాళ్లకు అదీ చేటే.

మా చెల్లెకు ఎనిమిదో నెల, రాత్రంతా కూర్చొనే ఉంటుంది.

గర్భిణుల్లో దాదాపు అయిదుగురిలో ఒకరికి ఇది వస్తుంది, ఆఖరి మూడు నెలల్లో ఎక్కువ. కాన్పు అయ్యాక కొన్ని వారాల్లో చాలామందికి పూర్తిగా పోతుంది, ఈ మాట ఆమెకు చెప్పండి, సగం టెన్షన్ తగ్గుతుంది. ఏఎన్‌ఎం ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఉంటాయి, అవి డబ్బాలో దాచిపెట్టకుండా నిజంగా వేసుకుంటుందా లేదా అని చూడండి. వాంతి వస్తుందని మానేసినవాళ్లు ఎందరో. ఫెరిటిన్ అడగండి, అవసరమైతే నాలుగో నెల తర్వాత సెలైన్ ఐరన్ ఇవ్వొచ్చు. ఆర్‌ఎల్‌ఎస్‌కు వాడే మిగతా మందుల్లో చాలావరకు గర్భిణులకు సరిపడవు కాబట్టి పక్కింటివాళ్ల మాత్ర ఇవ్వొద్దు. పిక్కలు మెల్లగా ఒత్తడం, పడుకునే ముందు గోరువెచ్చటి నీళ్లలో కాళ్లు పెట్టడం చేయొచ్చు. ఒక్క కాలే వాచి, ఎర్రగా, నొప్పిగా ఉంటే మాత్రం అది వేరే, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి, నాళంలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు.

నాన్నకు డయాలసిస్ నడుస్తోంది, మంచం మీద నాలుగు గంటలు కాళ్లు ఆపలేకపోతున్నాడు.

కిడ్నీ రోగుల్లో ఇది చాలా ఎక్కువ. బాధకు తట్టుకోలేక కొందరు డయాలసిస్ మధ్యలోనే ఆపించుకుంటారు, అది ప్రమాదం. ఆరోగ్యశ్రీ కింద చేయించుకుంటున్నా సరే, నర్సుకు కాకుండా కిడ్నీ డాక్టరుకే సూటిగా చెప్పండి. ఐరన్ చూస్తారు, సాయంత్రం షిఫ్టు బదులు పొద్దుటి షిఫ్టు అడగొచ్చు. డయాలసిస్ జరుగుతుండగానే కాళ్లతో తొక్కే చిన్న పెడల్ ఉంటే చాలామందికి ఉపశమనం. ఈ బాధకు ఇచ్చే గాబాపెంటిన్ లాంటి మందు వీళ్లకు చాలా తక్కువ మోతాదులోనే ఇవ్వాలి, మామూలు మనిషి చీటీ చూసి కొంటే మత్తులో పడిపోతారు.

మా ఊరి ఆర్‌ఎంపీ నరాల బలహీనత అని సూది ఇస్తున్నాడు. రెండు రోజులు హాయిగా ఉంటుంది.

ఆ సూదిలో ఏముందో అడిగారా? సాధారణంగా బీ కాంప్లెక్స్, నొప్పి మందు, ఒక్కోసారి స్టెరాయిడ్. అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది ఆయనే, ఆ సాయాన్ని తక్కువ చేయను. కానీ నొప్పి మందు పదే పదే పడితే కడుపులో పుండై సన్నగా రక్తం పోతుంది, రక్తంతో పాటు ఐరన్ పోతుంది, కాళ్ల బాధ ఇంకా పెరుగుతుంది, దానికి మళ్లీ సూది. కిడ్నీలు కూడా దెబ్బతింటాయి, అదీ ఈ బాధను పెంచేదే. ఆ సూదుల డబ్బుతో ఒకసారి ఫెరిటిన్ చేయించుకోండి.

ఏయే మందులు దీన్ని పెంచుతాయి?

జలుబుకు, దురదకు వాడే మత్తు మాత్రలు, అంటే అవిల్, క్లోర్‌ఫెనిరమిన్ ఉన్నవి. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, తల తిరగడానికి ఇచ్చే ప్రోక్లోర్‌పెరాజిన్. డిప్రెషన్ మందుల్లో చాలా వాటికి, మానసిక వ్యాధుల మందులకు కూడా ఈ గుణం ఉంది. ఈ చివరివి మీ అంతట మీరు ఆపకండి, డాక్టరుకు చెప్తే వేరేది మారుస్తారు. నిద్ర పట్టట్లేదని మెడికల్ షాపులో అడిగితే మత్తు జలుబు మాత్ర చేతిలో పెట్టేవాళ్లున్నారు, ఈ బాధ ఉన్నవాళ్లకు అంతకన్నా చెడ్డ సలహా ఉండదు.

కల్లు తాగితే నిద్ర పడుతుంది కదా?

పట్టేదాకా పడుతుంది, అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చి కాళ్లు రెట్టింపు గుంజుతాయి. కల్లైనా సారా అయినా బీరైనా అంతే, బీడీ, సిగరెట్ కూడా కలిస్తే ఇంకా ఘోరం. పాలమూరు వైపు ఇంకో సమస్య ఉంది, కల్తీ కల్లు. అల్‌ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు కలిపిన కల్లుకు అలవాటు పడ్డవాళ్లు ఒక్కసారిగా మానేస్తే వణుకు, చెమటలు, నిద్ర లేకపోవడం, పిచ్చి మాటలు, ఫిట్స్ దాకా వస్తాయి. అది ఆర్‌ఎల్‌ఎస్ కాదు, ఇంట్లో కట్టేసి ఉంచాల్సిందీ కాదు, వెంటనే ప్రభుత్వ ఆసుపత్రిలో చేర్పించాలి.

రాత్రి ఒంటిగంటకు లేచి కూర్చున్నాను. ఇప్పుడేం చేయాలి?

ముందు మంచం దిగండి. పళ్లు బిగబట్టి కదలకుండా పడుకుంటే తగ్గదు, ఇంకా పెరుగుతుంది. వాకిట్లోనో డాబా మీదో తిరగండి. గోడకు రెండు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి చాపి మడమ నేలకు ఆనేలా పిక్కను సాగదీయండి. పిక్కలు గట్టిగా రుద్దుకోండి, నూనె ఏదైనా ఒకటే, పని చేసేది రుద్దడం. కొందరికి వేడినీళ్లు పడతాయి, కొందరికి చన్నీళ్లు, మీ కాళ్లకు ఏది హాయో మీరే చూసుకోవాలి. తువ్వాల చుట్టుకుంటే బాగుంటుందని చాలామంది అంటారు, చుట్టుకోండి కానీ పాదం తిమ్మిరెక్కేంత బిగించి నిద్రపోవద్దు, షుగర్ ఉన్నవాళ్లు అసలు కట్టుకోవద్దు.

మనసు దేనిమీదైనా గట్టిగా పడితే బాధ తగ్గుతుంది, ఇది విచిత్రమే కానీ నిజం. టీవీ ముందు ఊరికే కూర్చుంటే గుంజే కాళ్లు, పిల్లలతో అష్టాచెమ్మా ఆడుతుంటే ఊరుకుంటాయి. లెక్కలు రాసుకోవడం, పూలు కట్టడం, కుట్టుపని ఏదైనా సరే. పగలు రోజూ కాస్త నడక ఉండాలి, పడుకునే ముందు మాత్రం ఒళ్లు హూనమయ్యే కసరత్తు వద్దు. మధ్యాహ్నం తర్వాత చాయ్, కాఫీ, కూల్‌డ్రింక్ మానేసి కొన్ని వారాలు చూడండి.

అన్నట్టు, కూర్చొని కాళ్లు ఊపితే దరిద్రం అని పెద్దవాళ్లు కసురుతారు. వాళ్లకు ఈ పేజీ చదివి వినిపించండి, ఊపనివ్వండి.

పిల్లలకు వస్తుందా?

వస్తుంది. ఎదిగే నొప్పులని కొట్టిపారేస్తారు, బడిలో ఒక్క చోట కూర్చోడని దెబ్బలు కూడా తింటారు. పిల్లలకు ఫెరిటిన్ 50 లోపు ఉంటే ఐరన్ ఆలోచిస్తారు, మోతాదు బరువును బట్టి పిల్లల డాక్టరే చెప్పాలి.

మా ఆయన నిద్రలో తంతున్నాడు, అడిగితే తెలియదంటాడు.

నిజంగానే తెలియదు. అర నిమిషానికోసారి పాదం, మోకాలు ఎగిరిపడే ఈ కదలికలు ఆర్‌ఎల్‌ఎస్ ఉన్నవాళ్లలో చాలామందికి, దాదాపు వందలో ఎనభై మందికి ఉంటాయి. పక్కన పడుకునేవాళ్లు చెప్తేనే డాక్టరుకు తెలుస్తుంది కాబట్టి మీరూ వెంట వెళ్లండి. గురక పెద్దగా ఉండి మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపిస్తే ఆ మాట కూడా చెప్పండి.

ఐరన్ సరిగ్గానే ఉంది, అయినా తగ్గట్లేదు. ఏ మందులుంటాయి?

వారంలో చాలా రాత్రులు నిద్ర పాడవుతుంటే మందు అవసరమే. ఇప్పుడు ముందుగా ఇచ్చేవి గాబాపెంటిన్, ప్రెగాబాలిన్. మత్తు, తల తిరగడం, కాళ్ల వాపు రావొచ్చు, కొత్తలో బండి, ట్రాక్టర్ నడపొద్దు. ఒకప్పుడు అందరికీ ప్రమిపెక్సోల్, రోపినిరోల్ రాసేవారు. మొదట అద్భుతంగా పని చేస్తాయి, ఏళ్లు గడిచేకొద్దీ రాత్రి పదికి వచ్చే బాధ సాయంత్రం అయిదుకే వస్తుంది, చేతులకూ పాకుతుంది, మోతాదు పెంచినకొద్దీ ఇంకా ముదురుతుంది. అందుకే 2025 అమెరికా నిద్ర వైద్యుల మార్గదర్శకాల్లో వీటిని మామూలుగా వాడొద్దన్నారు. ఇవి వాడేవాళ్లలో కొందరికి పేకాట, ఆన్‌లైన్ బెట్టింగ్, విపరీతంగా కొనడం లాంటి పిచ్చి పట్టుకుంటుంది, ఇంట్లోవాళ్లు గమనించాలి. ఇప్పటికే వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా ఆపొద్దు, ఆపితే కొన్ని రాత్రులు నరకం. డాక్టరే మెల్లగా తగ్గించాలి.

ఎవరి దగ్గరికి పోవాలి?

మొదట మీ దగ్గరి జనరల్ మెడిసిన్ డాక్టరు చాలు. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్‌లలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి, హిమోగ్లోబిన్, షుగర్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) అక్కడ చూస్తారు, ఫెరిటిన్ ఉందో లేదో అడగండి, లేకపోతే బయట ల్యాబ్‌లో చేయించుకోండి. తేలకపోతే నరాల డాక్టరు, అంటే న్యూరాలజిస్టు. హైదరాబాద్ దాకా వెళ్లాల్సి వస్తే నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. వాడే మందులన్నీ, జలుబు మాత్రతో సహా, కవర్లో వేసుకుపోండి.

ముంబై బస్సులో రాత్రంతా కూర్చోవాలి, ఎట్లా?

పాలమూరు నుంచి పనికి పోయేవాళ్లకు ఇది పెద్ద సమస్యే. నడిచే దారి పక్క సీటు అడగండి, కిటికీ పక్కన ఇరుక్కుంటే లేవలేరు. వీలైతే పగటి బస్సు, లేదంటే రైలు, రైల్లో లేచి తిరగొచ్చు. ఎక్కే ముందు స్టాండులో బాగా నడవండి, దారిలో బండి ఆగిన ప్రతిచోటా దిగండి, దిగినప్పుడు చాయ్ మాత్రం తాగకండి. డాక్టరు మాత్ర రాసి ఉంటే ప్రయాణం రోజు ఏ టైముకు వేసుకోవాలో ముందే అడిగి పెట్టుకోండి. బస్సు ప్రయాణానికి ముందు వాంతి రాకుండా వేసుకునే మాత్రలు కూడా చాలావరకు మత్తు రకమే, అవి వేసుకొని కూర్చుంటే నిద్ర ముంచుకొస్తుంది, కాళ్లు మాత్రం పడుకోనివ్వవు.